ఉప్పలయ్య పాత చెప్పులు

సిద్దిపేటలో లారీలు బాగుచేసే ఉప్పలయ్య షెడ్డుకి మట్టి కోసం గాజుసీసాతో వచ్చిన కూతురు స్వరూప బిత్తరపోయింది. నేలంతా కొత్త ఎర్రమొరం!

“మన నల్లమట్టి ఏది బాపూ?”

“నిన్ననే తవ్వించి ట్రాక్టర్ల పంపిన. ఏడ పారబోసిన్రో! గా గలీజు మట్టి యూనివర్సిటీకి తీస్కపోతే నీ ఇజ్జత్ ఏంగావాలె బిడ్డా?”

స్వరూప తల పట్టుకుంది.

“గా గలీజే కావాలె బాపూ! ఇంజనాయిల్ల ఉండే విషం ఏండ్లు గడిచినా పోదు. గా మట్టిల బ్యాక్టీరియా దాన్నే తిని బతుకుతది. జామైన బోల్టును నువ్వు పానతోని ఇప్పినట్టు, అది ఎంజైముతోని విషాన్ని ఇప్పుతది. గా పానను తయారుచేసే జీను దొరక్కుంటే నా పరిశోధన ఆగిపోతది.”

ఉప్పలయ్య ముఖం చిన్నబోయింది.

స్వరూప చూపు అతని కాళ్లకున్న కొత్త చెప్పుల మీద పడింది.

“పాతయి ఏడున్నయి?”

డ్రమ్ము వెనక దాచినవాటిని అతను సిగ్గుపడుతూ తెచ్చాడు. అడుగున వేలెడు మందం నల్లమట్టి!

చిన్నప్పటి నుంచీ ఆ చెప్పుల్ని గడప దాటనివ్వని స్వరూప, వాటిని కొత్త దస్తీలో చుట్టి, హైదరాబాదు బస్సెక్కి ఒళ్లో పెట్టుకుంది.

బస్సు కదులుతుంటే ఉప్పలయ్య ఉరికొచ్చి కిటికీలోంచి ఓ సీసా అందించాడు.

“దారిల సద్ది, బిడ్డా!”

“నాకెందుకు బాపూ? తినే వచ్చిన గదా!”

“నీకు గాదు. గా చెప్పులల్ల ఉన్నోళ్లకు. లారీలకెళ్లి ఇప్పుడే దించిన ఇంజనాయిల్!”