చైనీస్ వినే పరీక్ష

సేల్స్ మేనేజరు సోఫాలో మఠం వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. రేపు చైనీస్ వినే పరీక్ష. నెగ్గితే కుటుంబంతో సహా చైనా బదిలీ.

"పెట్టవే ప్రశ్న" అన్నాడు కూతురితో.

కూతురు ఫోన్ నొక్కింది. ఓ ఆడగొంతు చైనీస్‌లో గలగలమంది. ఆ గొంతు ఆగీ ఆగకముందే ఆయన జవాబిచ్చాడు. తప్పు లేదు. తర్వాతిదీ అంతే.

"చూశావా, చెవి ఎలా పదునెక్కిందో? మీ అమ్మకి చెప్పు."

వాళ్ళమ్మ భోజనాల బల్ల తుడుస్తోంది.

ఫోన్ మాట్లాడకుండానే ఆయన నోట మూడో జవాబు వచ్చేసింది.

"నాన్నా, నేనింకా నొక్కలేదు."

"స్టేషన్ తర్వాత బ్యాంకు ప్రశ్నే కదే వచ్చేది. రోజూ వినే గొంతు. అదేం అడుగుతుందో నాకు తెలీదా?"

"రేపు వేరే ఏదైనా అడిగితే?"

"అడగదు."

భార్య చేతిలో గుడ్డ ఆగింది. "ఏమండీ..."

"అలాగేలే, ఆదివారం చూద్దాం."

"నేనింకా ఏమీ అడగలేదు."

కూతురు నవ్వు ఆపుకోవడానికి ఫోన్ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచాడు.

"సరే, ఏంటో చెప్పు."

"చైనాకి నేనూ పిల్లా రావట్లేదు. ఈ మాట మీ చెవిన వేసి నెలవుతోంది."

"ఎప్పుడు చెప్పావ్?"

"రోజూ. మీరు రోజూ అలాగేలే అన్నారు."

ఆయన కూతురి వైపు చూశాడు.

భార్య మళ్ళీ బల్ల తుడవసాగింది. "అర్థం కాకపోతే చెప్పండి. నిదానంగా మళ్ళీ వినిపిస్తాను."