తోక తప్పిన మాట

“ఏటి మేస్టారూ, నోట్లో అటుకులేటైనా కుక్కుకున్నారా? మళ్లీ చెప్పండి. మూడే ముక్కలు. ఫి... క... రెయ్.”

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ వరండా పక్కనుంచి వెళ్లేవాళ్లకు కనకమహాలక్ష్మి గొంతు వినపడని రోజు లేదు. ఆమె రైల్వే బడిలో పంతులమ్మ. 1931లో ఆ ఊళ్లో పోర్చుగీసు వచ్చిన తెలుగు ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి ఆమె ఎవర్నీ మరిచిపోనివ్వదు.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న శిష్యుడికి అరవై దాటాయి. చెమటలు కక్కుతూ పెదాలు కూడదీసుకున్నాడు.

“ఫి... క... రా.”

“రా ఏటి, రా? రా అంటే ‘ఉంటాడు’. ఎవడుంటాడు, మీ తాతా? రెయ్ అంటే ‘ఉంటాను’. మన తెలుగులాగే, మాట తోకలోనే మనిషుంటాడు. తోక తెగ్గోసీసి కూకుంటే ఇంకేటి మిగిలింది? మా ఒకటో క్లాసు పిల్లలు నయం!”

పక్క క్వార్టర్ అప్పలనర్సమ్మకు ఒళ్లు మండింది. “ఒగ్గీయే అమ్మీ, పెద్దాయన్ని పీక్కుతింటన్నావు. ఆ బుడతకీచు బాస లేకపోతే బతకలేడేటి?”

“రేపు గోవా నుంచి ఒకాయన వస్తన్నాడత్తా. అడిగినదానికి ఈ ఒక్క మాట తిన్నగా చెప్పకపోతే, ఈయన పెట్టె సర్దుకోవాల్సిందే. అప్పుడు నువ్వాపుతావేటి?”

అప్పలనర్సమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది.

మర్నాడు గోవా పెద్దమనిషి రానే వచ్చాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని, పోర్చుగీసులో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: నాతో గోవా వస్తావా, ఇక్కడే ఉంటావా?

శిష్యుడి దవడ వణికింది. “ఫి...” అని ఆగిపోయాడు.

“ఊఁ, మిగతాది మింగేశారా?” అంది గుమ్మంలోంచి కనకమహాలక్ష్మి. ఈసారి ఆమె గొంతులో పదును లేదు.

“ఫి... క... రెయ్.”

పెద్దమనిషి జేబులోంచి రెండు రైలు టికెట్లు తీశాడు. ఒకటి చింపేశాడు. తర్వాత టోపీలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

“తోక ఇంకా వంకరే,” అంది కనకమహాలక్ష్మి, మొహం అటు తిప్పుకుని.

చిన్నప్పుడు ఆమెకు ఇదే వరండాలో, ఇవే తిట్లతో పోర్చుగీసు నేర్పింది, నిరుడు పక్షవాతంతో నోరు పడిపోయి ఇప్పుడు ఆమెకే శిష్యుడైన తన అన్నేనని గోవా పెద్దమనిషికి తెలుసు.