మాట వినే గది

“దగ్గినా, తుమ్మినా నీ థీసిస్ మీద ఆశ వదులుకో,” అని ప్రొఫెసర్ బయటనుంచి గడియ పెట్టేశాడు.

చీపుళ్లు దాచుకునే అర అది. పరిశోధక విద్యార్థి మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా అవతలి గది కనిపించే చిన్న తెర, పన్నెండు మీటలు. గోడకు అవతల ప్రొఫెసర్ చేసిన ఘనకార్యం: కీబోర్డూ మౌసూ లేని కంప్యూటర్. గదే కంప్యూటరు! నోటితో చెప్పినా, చేత్తో సైగ చేసినా లైట్లూ ఏసీ కర్టెన్లూ మాట వింటాయి.

నిజానికి వినేది మనవాడు. అసలు యంత్రం తయారయ్యేదాకా గోడ వెనక ఒక మనిషిని దాచిపెట్టి ప్రయోగాలు చేయడం ఆ రంగంలో ఉన్న పద్ధతే. యంత్రం తయారు చేయడమే ప్రొఫెసర్ మరిచిపోయాడు. రెండేళ్లయింది.

ఇవాళ గ్రాంటు ఇచ్చేవాళ్లు పంపితే వేరే ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన మెచ్చితే మరో మూడేళ్లు గ్రాంటు, అంటే మనవాడికి మరో మూడేళ్లు ఈ అర. మెచ్చకపోతే థీసిస్ ప్రొఫెసర్ సొరుగులోంచి బయటకే రాదు.

“లైటు,” అన్నాడు పెద్దాయన. వెలిగింది. చెయ్యెత్తాడు. కర్టెన్ లేచింది. “భేష్” అంటూ కుర్చీలో కూలబడి, చొక్కా కాలరు వదులు చేసుకుంటూ, “అబ్బ, అదొకటి కాస్త ఇలా...” అని గొణిగాడు.

మనవాడికి పెళ్లై మూడేళ్లు. ఇంట్లో “ఏవండీ, అది కొంచెం అలా...” అంటే చాలు, ఏదో, ఎలాగో ఇట్టే అర్థమైపోతుంది. ఆలోచించకుండా ఏసీ చల్లదనం పెంచేశాడు.

“చూశారా సార్! సగం మాటకే!” ప్రొఫెసర్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. “ఒక్క నిమిషం, కాగితాలు తెస్తాను.”

తలుపు మూసుకోగానే పెద్దాయన తిన్నగా గోడ దగ్గరికి వచ్చాడు.

“సగం మాట అందుకునే యంత్రం నేనింకా చూళ్లేదు,” అన్నాడు మెల్లగా. “లోపలున్నావా నాయనా? ఉంటే లైటు రెండుసార్లు ఆర్పు.”

మనవాడు మీట మీద వేలు పెట్టి ఆగాడు. ఆర్పితే ప్రొఫెసర్ కొంప మునుగుతుంది, దాంతో తన థీసిసూ మునుగుతుంది. ఆర్పకపోతే మరో మూడేళ్లు. ఈమధ్య నిద్రలో కూడా ఎవరో “లైటు” అన్నట్టనిపించి, లేచి గోడలు తడుముతున్నాడు. ఇక తనవల్ల కాదు. మీట నొక్కేశాడు.

లైటు రెండుసార్లు ఆరి వెలిగింది.

“ఎన్నేళ్లయింది?”

మళ్లీ రెండుసార్లు.

“అయ్యో! థీసిస్ మీద సంతకం కోసమేనా? అవునైతే కర్టెన్ దించు.”

కర్టెన్ సర్రున దిగింది.

“ఆ సంతకం సంగతి నాకొదిలెయ్. ఇవాళే పెట్టిస్తాను, ఎలా పెట్టడో చూస్తాను. సాయంత్రం నువ్వు నాతో వచ్చేద్దువుగాని.”

రెండేళ్లుగా ఈ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నాడు మనవాడు. గోడకు నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. దగ్గొచ్చింది. ఆపుకోలేదు.

“ఊరుకో, ఊరుకో,” పెద్దాయన గోడను ఆప్యాయంగా తట్టాడు. “మా దగ్గరా ఇలాంటి గదే ఉంది. లోపలున్న పిల్లకి వచ్చే నెల్లో పెళ్లి, మానేస్తానంటోంది.”