లైను ఆయనది, కాల్స్ ఆవిడవి

“లైను ఎలాగూ మా దగ్గరే ఉంది కదా సర్. లాంగ్ డిస్టెన్స్ కాల్స్ కూడా మాకే మార్చేయండి. రెండు కంపెనీలు ఎందుకు?” అంటోంది ఫోన్ కంపెనీ అమ్మాయి.

ఆమోసు రిసీవర్‌ని చేత్తో మూసి వంటింటి వైపు తిరిగాడు. “లూసీ, నీ కాల్స్ కంపెనీ వాళ్ళు ఈ నెలాఖరుకి సర్వీస్ ఆపేస్తున్నామని లెటర్ పంపారుగా. వీళ్ళకే మార్చేయమంటావా? ఒకటే బిల్లు వస్తుందట.”

“వద్దండీ,” అంది లూసీ, స్టవ్ మీంచి చూపు తిప్పకుండా. “నేను ఇంకో కంపెనీ చూసుకుంటాను.”

“ఎందుకు ఆ తిప్పలు?”

“కాల్స్ నా పేరు మీదే ఉండనివ్వండి.”

ఆ గొంతులో భయం ఉంది. తర్వాత చెప్తానని ఆ అమ్మాయికి చెప్పి ఆమోసు ఫోన్ పెట్టేశాడు.

న్యూజెర్సీలో, ఐసెలిన్‌లోని ఆ ఇంట్లో ఫోన్ లైను ఒక కంపెనీది, దూరపు కాల్స్ ఇంకో కంపెనీవి అయి ఐదేళ్ళయింది. ఐదేళ్ళ క్రితం వాళ్ళ ఒక్కగానొక్క కూతురు షారన్, రాజ్ అనే హిందూ అబ్బాయిని కోర్టులో పెళ్ళి చేసుకుని అతని ఉద్యోగం ఉన్న వేరే రాష్ట్రానికి, బెంటన్‌విల్ అనే ఊరికి వెళ్ళిపోయింది. తెలుగు చర్చిలో సంఘ పెద్దగా ఉన్న ఆమోసుకి తల కొట్టేసినట్టయింది. పెళ్ళికి వెళ్ళలేదు, లూసీని వెళ్ళనివ్వలేదు. ఈ ఇంటి నుంచి దానికి ఒక్క ఫోన్ కూడా వెళ్ళకూడదని లైనుకి లాంగ్ డిస్టెన్స్ కాల్స్ తీయించేశాడు. సెల్‌ఫోన్ ఉన్నది ఆయనొక్కడికే.

ఏనాడూ ఆయన మాట దాటని లూసీ, నెల తిరక్కుండా వేరే కంపెనీ నుంచి కాల్స్ తీసుకుంది. ఆవిడ పేరున బిల్లు కవరు వస్తే గానీ ఆయనకి తెలియలేదు. ఆ కవరుని విప్పకుండా తీసుకెళ్ళి ఆవిడ బైబిలు పక్కన పెట్టాడు. ఆ తర్వాత నెలనెలా అదే పని చేశాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనం అయ్యాక లూసీ ఫోన్ తీసుకుని బెడ్‌రూమ్ తలుపు వేసుకునేది. ఆమోసు గరాజ్‌లోకి వెళ్ళి, సర్దిన పెట్టెలే మళ్ళీ సర్దుతూ కూర్చునేవాడు. బెడ్‌రూమ్‌తో కలిసిన గోడలోంచి ఆవిడ మాటలు తెలుగులో మెల్లగా వినిపించేవి. ఒక్కోసారి నవ్వేది. ఒక్కోసారి ఏడుస్తున్నట్టు ఉండేది.

బయటికొచ్చాక టీ పెడుతూ, ఎవరితోనూ కానట్టు చెప్పేది. “మంచు పడిందట అక్కడ.” ఇంకో వారం, “అబ్బాయి పుట్టాడట. జెరెమీ అని పెట్టుకున్నారట.”

ఆ రోజు ఆమోసు టీ తాగలేదు. గరాజ్‌లో కారెక్కి, స్టార్ట్ చేయకుండా గంటసేపు కూర్చున్నాడు.

తర్వాత జెరెమీ బోర్లాపడ్డాడు, నడిచాడు, మాటలు నేర్చాడు. అన్నీ ఆ స్టవ్ దగ్గరే ఆయన చెవిన పడ్డాయి.

“పప్పన్నం తప్ప ఏదీ ముట్టడట,” అంది లూసీ ఒకసారి.

“ఏ పప్పు?” అనేశాడు ఆమోసు.

లూసీ తడబడింది. ఆయన కూతురి సంసారం గురించి నోరు విప్పి అడగడం అదే మొదలు. “కందిపప్పు,” అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కోపం ఎప్పుడో పోయింది. పోయిందని చెప్పడం ఎలాగో తెలియక ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాడు. ఇప్పుడు లూసీ అన్న “వద్దండీ” ఆయన్ని పొడిచింది. బిల్లులో కూతురి నంబరు కనిపిస్తే నేనేం చేస్తానోనని ఇంకా భయపడుతోంది, అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం లూసీ చర్చి క్వయర్ పాటల ప్రాక్టీస్‌కి వెళ్ళింది. ఆమోసు బైబిలు పక్కనున్న కవరు మొదటిసారి విప్పాడు. నెల మొత్తంలో ఒకే ఒక్క నంబరు. ప్రతి ఆదివారం, నలభై నిమిషాలు.

ఆవిడ వచ్చేసరికి అంతా చక్కబడి ఉండాలని ఆయన కోరిక. అనాల్సిన మాట రెండుసార్లు పైకి అనుకుని చూసుకున్నాడు. “అమ్మా, నాన్నని. తప్పు నాది.” నంబరు నొక్కాడు.

“హలో?” ఎవరో పెద్దావిడ, అమెరికన్.

బాబుని చూసుకునే ఆవిడ కాబోలు అనుకుని, “షారన్‌తో మాట్లాడాలి. నేను వాళ్ళ నాన్నని,” అన్నాడు ఇంగ్లీషులో.

“న్యూజెర్సీ నంబరు. ఆదివారాలు ఫోన్ చేసే ఆవిడ మీ భార్యా?”

“అవును.”

“ఆవిడ బాగున్నారా? ఏమైనా జరిగిందా?”

“బాగుంది. ఆవిడకి తెలియకుండా నేనే చేస్తున్నాను.”

“హమ్మయ్య. ఏ భాష సర్ అది? నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఆవిడ ఏడుస్తుంటే పెట్టేయబుద్ధి కాదు.”

ఆమోసు కళ్ళు తుడుచుకున్నాడు. “మీది మంచి మనసమ్మా. షారన్‌ని ఒకసారి పిలవండి. లేదంటే జెరెమీకైనా ఇవ్వండి.”

“సర్... మీ భార్య మీకు చెప్పలేదా? నేను ఆవిడకి మొదట్లోనే చెప్పాను.”

“ఏమని?”

“ఫోన్ కంపెనీ ఈ నంబరు నాకిచ్చి నాలుగేళ్ళయింది, షారన్ ఎవరో నాకు తెలియదు.”