పలక నిండింది అయ్యవారూ

బడిలో అడుగుపెట్టిన మొదటి రోజే వరప్రసాదం బి.ఏ.కి ఒక వింత కనిపించింది.

పిల్లల వెనక వరసలో, గోడకు ఆనుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"ఏంది తాతా, మనవణ్ణి దిగబెట్టను వచ్చినావా?"

"లేదు నాయనా, చదువుకోను వచ్చినా. నా పేరు ఇస్సాకు."

"ఈ వయసులోనా? ఏం చదువుతావు?"

"ఆరో తరగతి. అయిదు దాకా వచ్చు."

వరప్రసాదం నవ్వాడు. పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. బి.ఏ. అంటే ఆ మాత్రం భయం ఉంటుందిలే అనుకున్నాడు.

అనుకోడా మరి. ఆ రోజుల్లో గిద్దలూరు చుట్టుపక్కల బి.ఏ. చదివినవాడు నడుస్తుంటే జనం ఆగి చూసేవాళ్ళు. చూపులకేం, అన్నం పెట్టవు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉద్యోగాలకు కరువొచ్చి, ఏ ఆఫీసు మెట్లెక్కినా "ఖాళీ లేదు" అనే మాటే వినపడుతోంది. చివరికి మిషను బళ్ళు నడిపే దొరగారు రాచర్ల దగ్గరి ఈ పల్లెకు పంపుతూ ఒక మాటిచ్చారు. బళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, అయిదుతో ఆగిన ఈ బడికి ఆరో తరగతి ఇస్తే, వరప్రసాదానికి మార్కాపురంలో మంచి ఉద్యోగం. ఇవ్వకపోతే మళ్ళీ ఆఫీసుల మెట్లే.

వరప్రసాదానికి తెలిసిన బోధన ఒక్కటే, కాలేజీది. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ "నోట్స్ రాసుకోండి" అని మొదలుపెట్టి, గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు.

పిల్లలు పలకల మీద గబగబా రాశారు. తుడిచారు. మళ్ళీ రాశారు.

వెనక వరసలో చెయ్యి లేచింది.

"పలక నిండింది అయ్యవారూ. తుడిస్తే మీరు చెప్పింది పోతుంది. తుడవకుంటే చెప్పబోయేది పట్టదు. ఏం చేసేది?"

ఈ చిక్కు గురించి కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

"అయితే రాయొద్దు. వినండి," అన్నాడు వరప్రసాదం విసురుగా.

వినాలంటే వినేటట్టు చెప్పాలి. అది ఇంకో చిక్కు.

"అర్థం కాలే అయ్యవారూ, ఇంకోసారి," అనేవాడు ఇస్సాకు రోజూ.

"ఎన్నిసార్లు తాతా?"

"మొద్దు బుర్ర నాయనా. మన మాటల్లో చెప్పు, ఎక్కుతుంది."

ఆ మాట అనేముందు ముసలాయన తనవైపు తిరిగిన పిల్లల మొహాలన్నీ ఒకసారి కలయజూసేవాడు. వరప్రసాదం అది గమనించలేదు. విసుక్కుంటూనే దశాంశాలకు జొన్నరొట్టెను పది ముక్కలు చేశాడు. నదుల పాఠం ఊరి వాగు దగ్గర మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు తన పాఠం తనకే బాగుందనిపించింది.

ఇన్‌స్పెక్టరు రేపు వస్తాడనగా ముసలాయన్ని పక్కకు పిలిచాడు.

"తాతా, రేపు నువ్వు రావద్దు."

"ఎందుకు నాయనా?"

"నెరిసిన తల కనపడితే ఇది బడా, సత్రమా అంటాడు. నా ఉద్యోగం పోతుంది."

ఇస్సాకు పలక తుడుచుకుంటూ అడిగాడు.

"నేను రాకుంటే ఆరో తరగతి ఇస్తాడంటావా?"

"ఇస్తాడు."

"అయితే రానులే," అని నవ్వుతూ పలక చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టరు దశాంశాలు అడిగితే ఒక పిల్ల లేచి రొట్టెతో చెప్పింది. నదులు అడిగితే ఒకడు వాగుతో అందుకున్నాడు. మూడో ప్రశ్నకు ఒక బుడతడు తడుముకోకుండా, "అర్థం కాలే సార్, ఇంకోసారి చెప్పండి," అన్నాడు.

వరప్రసాదం వాణ్ణి కూర్చోబెట్టబోయాడు.

ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వాడు. "నన్నే తిరిగి అడిగే పిల్లల్ని ఈ తాలూకాలో చూడలేదయ్యా. కాలేజీ చదువు ఊరికే పోలేదు."

ఆరో తరగతి వచ్చింది. వరప్రసాదానికి ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. పట్టదు కూడా, కష్టపడ్డాడు కదా.

మర్నాడు ట్రంకుపెట్టెలో కాలేజీ పుస్తకాలు సర్దుతుంటే, రోజూ అన్నం తెచ్చిపెట్టే మగ్దలీనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నిజంగానే మార్కాపురం పోతావుండావా అయ్యవారూ?"

"పోవాలి కదమ్మా. ఇక్కడికి దొరగారు ఇంకెవరినన్నా చూస్తారులే."

ఆమె అన్నం గిన్నె గుమ్మం పక్కన దించింది.

వరప్రసాదం ఒక లెక్కల పుస్తకం తీసి పక్కన పెట్టాడు. ముసలాయన్ని రావద్దన్న మాట మొన్నటినుంచీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

"ఇది ఇస్సాకు తాతకు. ఒకసారి పిలువు."

"ఏడున్నాడు? తెల్లారకముందే పోయినాడు. యర్రగొండపాలెం అవతల, అడవి పక్కన ఏదో పల్లెలో బడి లేదంట. ఆడుండే పిల్లోళ్ళకు చదువు చెప్పుకుంటానని పోయినాడు."

"తాత చదువు చెప్పేదేంది?" వరప్రసాదానికి నవ్వొచ్చింది.

మగ్దలీనమ్మ నవ్వలేదు.

"నీకు తెలిస్తే మొహమాటపడతావని, చెప్పొద్దని ఊరందరి కాడ మాట తీసుకున్నాడు. ఇప్పుడు నువ్వూ పోతావుండావు కాబట్టి చెప్తుండా."

"ఏంది?"

"'నాకు అయిదుకు మించి రాదు, నా పిల్లోళ్ళు ఆడనే ఆగిపోతావుండారు, కాలేజీ చదివినాయన్ని పంపండి' అని దొరగారిని బతిమాలి, ఇన్నేండ్ల తన కుర్చీ నీకు ఖాళీ చేసిచ్చిన పాత అయ్యవారు ఆయనే నాయనా."