నిలువెల్లా నీలం

మొదటి దెబ్బకే పెద్దాయన పెదవి చిట్లింది.

ఎడిసన్‌లో, పట్టపగలు, ఇండియన్ స్టోర్ ముందు పార్కింగ్‌లో. కొట్టింది ఆదిశేషు, మందులు తయారుచేసే సైంటిస్టు.

పెద్దాయన చేసిన నేరమల్లా తానెవరో చెప్పడం.

"ఆదిశేషు గారూ, నా పేరు సత్యానందం. మీ మోడల్ తిప్పి పంపిన రివ్యూయర్‌ని నేనే. పేరు చెప్పకూడదని రూల్. మనసొప్పక వచ్చాను."

ఆదిశేషు కూతురు సాన్వికి కండరాలు రోజురోజుకీ చచ్చుబడుతున్నాయి. ఆ జబ్బుకి మూలమైన ప్రోటీన్ ఆకారాన్ని ఆదిశేషు కంప్యూటర్లో మోడల్‌గా కట్టాడు. దానికి అతుక్కునే మందూ చేశాడు. దాన్ని తనిఖీ చేసే రివ్యూయర్ సరేనంటే చాలు, స్పెషల్ పర్మిషన్ మీద మొదటి డోసు సాన్వికే.

మోడల్ ఎంత నమ్మదగ్గదో ఆ కంప్యూటరే రంగుల్లో చెబుతుంది. నీలమంటే గట్టి నమ్మకం. ఇది నిలువెల్లా నీలం. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే మార్కులకేం కొదవ!

"మందు అతుక్కునే చోట వంపు తప్పండీ. రిఫైన్ చేయండి. అలాగే వేస్తే గుండెకి..."

రెండో దెబ్బ ముక్కు మీద పడింది. కళ్లజోడు పగిలి కనుబొమ్మ చీరుకుపోయింది.

"నా కూతురు చచ్చిపోతుంటే నీకు వంపులు కావాలా? పిల్లలుంటే తెలిసేదిరా నీకు!"

"కొట్టండి బాబూ. మందు మాత్రం వేయకండి."

ఆదిశేషు కాలర్ పట్టుకుని విసిరికొట్టాడు. పెద్దాయన తల సిమెంటు గట్టుకి తగిలింది. చెవిలోంచి రక్తం కారింది. అయినా ఆదిశేషు ఇంకో తన్ను తన్నాడు.

"ఏమండీ, వదలండి! చచ్చిపోతాడు!" అంటూ భార్య కామేశ్వరి కారు దిగి పరుగెత్తుకొచ్చింది.

ఆదిశేషుని పోలీసులు తీసుకెళ్లారు. కామేశ్వరి హాస్పిటల్‌కి వెళ్లింది. ఐసీయూ బయట సత్యానందం భార్య పర్సిస్ ఒక్కతే కూర్చుని ఉంది. ఆవిడ ముఖం చూడడానికి కామేశ్వరికి సిగ్గేసింది.

ఇంతలో ల్యాబ్ నుంచి ఆదిశేషు అసిస్టెంట్ బిందుమాధవి ఫోన్ చేసింది.

"అక్కా, రివ్యూలో ఆయన తప్పన్న ఆ వంపు సరిచేసి చూశాను. ఆయన చెప్పిందే కరెక్ట్. మందు ఆ ప్రోటీన్‌కి అతుక్కోవట్లేదు, గుండెకి అతుక్కుంటోంది. వేసుంటే సాన్వి మనకి దక్కేది కాదు."

ఐసీయూ తలుపు తీసుకుని డాక్టర్ బయటికొచ్చాడు. ఇద్దరి వైపూ చూసి తల అడ్డంగా ఊపాడు.

కామేశ్వరి కుప్పకూలి పర్సిస్ కాళ్లు పట్టుకుంది.

"మా పాపని బతికించారమ్మా ఆయన. మేము ఆయన్ని చంపుకున్నాం."

పర్సిస్ కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

"మా అబ్బాయి కెన్నీకీ ఇదే జబ్బమ్మా. రివ్యూ వచ్చేదాకా ఆగలేక, ఈయన తను కట్టిన మోడల్ని నమ్మి, తన చేత్తోనే వాడికి మందు వేశారు."