నమిలి కట్టిన పసరు

“ఈమె ఆకు నమిలి, నలిగిన కాలిమీద ఉమ్మి కట్టు కట్టింది డాక్టర్. ఆ ఎంగిలిలోని క్రిములే కదా నా భార్యను చంపింది?” అన్నాను.

మా అత్త బయ్యమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె పళ్లమీది పచ్చమరక తలచుకుంటేనే నాకు రోత. నెల రోజులుగా ఆమె చేతి నీళ్లు తాగలేదు.

మదనపల్లె డాక్టరు రిపోర్టు నా ముందుకు జరిపాడు. “మూడుసార్లు చూసినాం సార్. రక్తంలో ఏ క్రిమీ లేదు. తోలు కూడా తెగలేదు గదా.”

“మరి అంత జ్వరం ఎందుకొచ్చింది?”

“ట్రాక్టరు కింద తొడకండ నుజ్జయింది. కణాల్లోని మైటోకాండ్రియాలు పగిలి రక్తంలో కలిసుంటాయి. కోట్ల ఏండ్ల కింద అవీ బాక్టీరియాలే. బయటి శత్రువులనుకొని ఒళ్లే తిరగబడింటుంది. ఈమధ్యనే ఇది తెలుస్తాండాది.”

కణానికి శక్తినిచ్చేవి అని మాత్రమే నేను ఇరవై ఏళ్లుగా పాఠం చెప్పాను.

“అంటే నా ఎంగిలి వల్ల కాదా సామీ?” అని బయ్యమ్మ అడిగింది.

“కాదమ్మా.”

ఆమె నావైపు తిరిగింది. “అయితే ఆ పొద్దు నా బిడ్డకు కడపటి నీళ్లు పోసేటప్పుడు నన్ను ముట్టుకోనిచ్చుండొచ్చు గదప్పా.”

ఆరోజు ఆమెను పక్కకు తోసిన నా చేయి రిపోర్టుమీదే ఉంది. ఆ చేతిని చూస్తే రోత పుట్టింది.